సింప్సన్స్ హాలోవీన్ స్పెషల్: పేరడీలు పట్టుకుంటూ చూడటం ఎలా?

అక్టోబర్ వచ్చిందంటే, అంటే అమెరికా వాళ్ళ దయ్యాల పండగ హాలోవీన్ దగ్గరపడిందంటే, "ద సింప్సన్స్" అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ గురించి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "సింప్సన్స్ హాలోవీన్ ఎపిసోడ్లు అంత గొప్పవంటారు, నాకు సగం జోకులు అందట్లేదు. ఏ సినిమా మీద వేస్తున్నారో తెలియకుండా ఎలా నవ్వేది?" అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు అడుగుతారు, ఇక్కడ ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళూ అడుగుతారు. అందుకే ఈసారి పద్ధతిగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. నెట్‌లో దొరికే "ఈ సీన్ ఫలానా సినిమాది" అనే జాబితాలు చదివితే పేర్లు తెలుస్తాయి గానీ నవ్వు రాదు. మూలం కాస్తయినా చూసి ఉండాలి, ఆ తర్వాత మూలంలో దేన్ని మార్చారో గమనించాలి. నవ్వంతా ఆ మార్పులోనే ఉంటుంది. శ్రీశ్రీని చదవనివాళ్ళకి జరుక్ శాస్త్రి పేరడీ వినిపిస్తే ఏం అందుతుంది? ఇక్కడా అంతే.

తెలియాల్సిన నేపథ్యం కొంచెమే. ఈ యానిమేషన్ సీరియల్ ఫాక్స్ చానల్లో 1989 డిసెంబర్‌లో మొదలైంది. మొదటి హాలోవీన్ స్పెషల్ 1990 అక్టోబర్ 25న వచ్చింది. అప్పట్నుంచి ఏటా ఒకటి వస్తోంది. వీటిని "ట్రీహౌస్ ఆఫ్ హారర్" అంటారు. ఒక్కోటి దాదాపు 22 నిమిషాలు, అందులో సాధారణంగా మూడు విడి కథలు. సీరియల్లోని మామూలు కథతో వీటికి సంబంధం లేదు. ఇందులో చచ్చిపోయినవాళ్ళు వచ్చే వారం హాయిగా కనిపిస్తారు. కాబట్టి పాత సీజన్లన్నీ చూశాకే వీటిని చూడాలన్న బెంగ అక్కర్లేదు.

కావలసినవి

- సింప్సన్స్ ఉన్న స్ట్రీమింగ్ యాప్ ఏదైనా (విదేశాల్లో ఉన్నవాళ్ళకి డిస్నీ ప్లస్), లేదా సీజన్ల డీవీడీలు
- ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు కూడా పెట్టుకోండి, మాటలు చాలా వేగంగా పోతాయి
- ఒక నోటు పుస్తకం
- ఒక్కో కథకి మూలం చూడటానికి అరగంట నుంచి రెండున్నర గంటలు
- ఈ ఎనిమిది మంది పరిచయం: తిండిపోతు, బద్ధకస్తుడు హోమర్. ఓపికగల భార్య మార్జ్. అల్లరి కొడుకు బార్ట్. తెలివైన కూతురు లీసా. ఇంకా మాటలు రాని మ్యాగీ. హోమర్ పనిచేసే అణు విద్యుత్ కేంద్రం యజమాని, పరమ పిసినారి బర్న్స్. పక్కింటి పరమ భక్తుడు ఫ్లాండర్స్. బడి తోటమాలి విల్లీ

హెచ్చరిక: బొమ్మలు కదా అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. రక్తం, నరకడం, తలలు తెగడం ధారాళంగా ఉంటాయి. 1994 నాటి మూడో కథలో టీచర్లు పిల్లల్ని వండుకు తింటారు. మొట్టమొదటి స్పెషల్లోనే మార్జ్ తెర ముందుకొచ్చి పిల్లల్ని పడుకోబెట్టేయమని చెప్తుంది. (అది కూడా పేరడీయే. 1931 నాటి "ఫ్రాంకెన్‌స్టైన్" సినిమా ఇలాంటి హెచ్చరికతోనే మొదలవుతుంది.) ముందు మీరు చూసి, ఆ తర్వాత పిల్లలకి చూపించాలో వద్దో తేల్చుకోండి.

1. మొదట ఏది చూడాలో ఎంచుకోండి

1990 నుంచి వరసగా చూడాలనుకుంటే చాలామంది రెండోదానికే ఆపేస్తారు. నా సలహా ఐదోదానితో మొదలుపెట్టమని. 6వ సీజన్, 6వ ఎపిసోడ్, 1994 అక్టోబర్ 30న వచ్చింది. అందులో మొదటి కథ "ద షిన్నింగ్". స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన "ద షైనింగ్" సినిమాకి పేరడీ. సీన్ పక్కన సీన్ పెట్టి పోల్చుకోవచ్చు కాబట్టి కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు.

హారర్ పడనివాళ్ళు 4వ సీజన్, 5వ ఎపిసోడ్‌లోని "కింగ్ హోమర్" చూడండి. 1933 నాటి "కింగ్ కాంగ్"కి పేరడీ, బొమ్మ కూడా నలుపు తెలుపులోనే ఉంటుంది. పాత అమెరికన్ సినిమాలేవీ తెలియకపోయినా జపాన్ యానిమే తెలిస్తే 34వ సీజన్‌లో, 2022లో వచ్చిన స్పెషల్ చూడండి. అందులో "డెత్ నోట్" పేరడీ ఉంది, బొమ్మలు కూడా యానిమే తరహాలోనే గీశారు. సినిమాల కన్నా పుస్తకాలు ఇష్టమైతే 1990లోని "ద రేవెన్" (ఎడ్గర్ అలన్ పో 1845 నాటి కవిత), 1991లోని కోతి చెయ్యి కథ (జేకబ్స్ 1902 కథ) పట్టుకోండి. రెండు మూలాలూ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పుస్తకాల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

యాప్‌లో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఇవి విడిగా కాకుండా సీజన్ల మధ్యలో కలిసి ఉంటాయి. మొదటి ఎనిమిదీ ఎక్కడున్నాయో రాసుకోండి:

1990: సీజన్ 2, ఎపిసోడ్ 3
1991: సీజన్ 3, ఎపిసోడ్ 7
1992: సీజన్ 4, ఎపిసోడ్ 5
1993: సీజన్ 5, ఎపిసోడ్ 5
1994: సీజన్ 6, ఎపిసోడ్ 6
1995: సీజన్ 7, ఎపిసోడ్ 6
1996: సీజన్ 8, ఎపిసోడ్ 1
1997: సీజన్ 9, ఎపిసోడ్ 4

తొలి ఏళ్ళవాటిలో తెర మీద "ట్రీహౌస్" అని కాకుండా "సింప్సన్స్ హాలోవీన్ స్పెషల్" అని పడుతుంది. తప్పు ఎపిసోడ్ పెట్టామని ఆపేయకండి.

2. ముందు మూలం చూడండి

ఈ వరస మార్చకండి. పేరడీ ముందు చూస్తే మూలంలోని మలుపు బయటపడిపోతుంది. అప్పుడు రెండింటి రుచీ పోతుంది.

"ద షైనింగ్" మొత్తం చూడగలిగితే మంచిదే. చూడలేకపోతే ఈ ఐదు చోట్లైనా చూడండి: చలికాలమంతా ఖాళీ హోటల్‌కి కాపలా ఉండటానికి కథానాయకుడు జాక్ ఒప్పుకోవడం, ఖాళీ బార్‌లో బార్‌టెండర్‌తో మాట్లాడటం, భార్య టైప్‌రైటర్ దగ్గర కాగితాలు చదవడం, లిఫ్ట్‌లోంచి రక్తం పొంగి రావడం, గొడ్డలితో తలుపు బద్దలుకొట్టడం. చివరికి జాక్ మంచులో గడ్డకట్టి చనిపోతాడని గుర్తుంచుకుంటే సరిపోతుంది.

టైమ్ తక్కువ ఉన్నవాళ్ళకి నా మాట ఒకటే: "ద ట్విలైట్ జోన్" చూడండి. రాడ్ సెర్లింగ్ 1959 నుంచి 1964 దాకా నడిపిన సీరియల్. చాలా ఎపిసోడ్లు అరగంటలోపే అయిపోతాయి. తొలి ఏళ్ళ హాలోవీన్ స్పెషల్స్ దీన్ని వాడుకున్నంతగా మరి దేన్నీ వాడుకోలేదు. కింది ఐదూ చూస్తే ఐదు సంవత్సరాల స్పెషల్స్‌లో ఒక్కో కథ మీకు పూర్తిగా తెరుచుకుంటుంది.

- "టు సర్వ్ మ్యాన్" (1962): 1990 రెండో కథకి
- "ఇట్స్ ఎ గుడ్ లైఫ్" (1961): 1991 రెండో కథకి
- "లివింగ్ డాల్" (1963): 1992 మొదటి కథకి
- "నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్" (1963): 1993 రెండో కథకి
- "లిటిల్ గర్ల్ లాస్ట్" (1962): 1995 మూడో కథకి

డబ్బు పెట్టకుండా చూడాలంటే 1968 నాటి "నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్" ఉంది. అమెరికాలో దానికి కాపీరైట్ లేదు, ఎక్కడైనా దొరుకుతుంది. 1992 మూడో కథలో జాంబీలు వచ్చే భాగానికి అది పనికొస్తుంది.

3. మొదటిసారి ఆపకుండా చూడండి

ఒక్కో కథ ఏడు నిమిషాలే. ఆపి, వెనక్కి తిప్పి, ఫోన్‌లో వెతికితే కథ ఊపు చెడిపోతుంది. అందినవి అందనివ్వండి, అందనివి వదిలేయండి. నోటు పుస్తకం ఇంకా తెరవొద్దు.

4. రెండోసారి ఆపుతూ చూడండి, రాసుకోండి

పేజీని మూడు భాగాలు చేయండి: మూలంలో ఏముంది, ఇక్కడ ఏమైంది, ఎందుకు మార్చారు. అసలు పని ఈ అడుగులోనే ఉంది కాబట్టి "షిన్నింగ్" తీసుకుని మొత్తం చేసి చూపిస్తాను.

కాపలా ఉద్యోగం: మూలంలో కొండల మధ్య హోటల్. ఇక్కడ బర్న్స్ గారి భవంతి. పని బాగా చేస్తారని ఆయన వెళ్తూ వెళ్తూ కేబుల్ తీయించేస్తాడు, బీరు లేకుండా చేస్తాడు. మూలంలో జాక్‌కి పిచ్చి ఎందుకెక్కిందో చివరిదాకా తేలదు, ఆ తేలకపోవడంలోనే భయం ఉంది. హోమర్ పిచ్చికి కారణం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, అదీ ఇంత చిన్న కారణం. భయం నవ్వుగా మారేది ఇక్కడే.

టైప్ చేసిన కాగితాలు: జాక్ భార్యకి వందల కాగితాల నిండా ఒకే వాక్యం కనిపిస్తుంది. మార్జ్‌కి మాత్రం టైప్‌రైటర్‌లో బాగానే ఉన్నానన్న మాట కనిపిస్తుంది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపు మెరుపు మెరుస్తుంది. టీవీ, బీరు లేకపోతే హోమర్‌కి పిచ్చెక్కుతుందన్న వాక్యం గోడల నిండా ఉంటుంది. మూలం చూసినవాళ్ళు కాగితం మీద ఆ వాక్యం కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపునే వాడుకున్నారు. మూలం తెలియనివాళ్ళకి ఇది మామూలు సీన్.

రక్తం లిఫ్ట్: అదే లిఫ్ట్, అదే వరద. బర్న్స్ మాత్రం అది చూసి, ఎప్పుడూ రెండో అంతస్తులోనే దిగిపోయేదే అన్నట్టు ఆశ్చర్యపోతాడు. బొమ్మలో ఏమీ మార్చలేదు. చూసేవాడి ముఖంలో భయం తీసేశారు, అంతే.

బార్: మూలంలో బార్‌టెండర్ అడగ్గానే మందు పోస్తాడు. ఇక్కడ బార్ నడిపే మో దయ్యంలా కనిపించి, ముందు కుటుంబాన్ని చంపితేనే బీరు ఇస్తానంటాడు.

తలుపు: జాక్ గొడ్డలితో తలుపు పగలగొట్టి, తల లోపలికి పెట్టి "హియర్స్ జానీ!" అని అరుస్తాడు. ఆ మాట కూడా అరువు తెచ్చుకున్నదే. అమెరికన్ టీవీలో జానీ కార్సన్ షో మొదలయ్యేముందు ఆయన్ని అలా పిలిచేవారు. హోమర్ కూడా తలుపు పగలగొట్టి అదే అంటాడు, కానీ గదిలో ఎవరూ ఉండరు. ఇంకో తలుపు పగలగొట్టి ఇంకో టీవీ షో నడిపిన డేవిడ్ లెటర్‌మన్ పేరు చెప్తాడు, ఈసారి ఎదురుగా బార్ట్ తాత మాత్రమే ఉంటాడు. మూడోసారి "60 మినిట్స్" అనే వార్తా కార్యక్రమం విలేకరుల పేర్లు వరసగా చదువుతాడు. టీవీ లేక పిచ్చెక్కినవాడి నోట్లోంచి వచ్చేవన్నీ టీవీ మాటలే. ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. మూలంలోని ఒక్క కేకని పట్టుకుని హోమర్ జబ్బంతా చెప్పేశారు.

ముగింపు: జాక్ ఒంటరిగా గడ్డకట్టుకుపోతాడు. ఇక్కడ మంచులో విల్లీ చిన్న టీవీ దొరుకుతుంది, హోమర్ శాంతిస్తాడు. కుటుంబం మొత్తం టీవీ చూస్తూ కలిసి గడ్డకట్టుకుపోతుంది.

పేరు గురించి కూడా రాసుకోండి. బార్ట్‌కి ఉన్న అతీంద్రియ శక్తిని విల్లీ "షిన్నింగ్" అంటాడు. "షైనింగ్ కదా?" అని బార్ట్ సరిదిద్దబోతే, కేసు వేయించుకోవాలని ఉందా అంటూ నోరు మూయిస్తాడు.

5. ఏ పాత్ర ఎవరికి ఇచ్చారో చూడండి

చాలామంది వదిలేసేది ఇదే. కథ ఎవరిదో పట్టుకుంటారు గానీ వేషం ఎవరికి ఇచ్చారో చూడరు. 1993 మొదటి కథ తీసుకోండి. స్టీఫెన్ విన్సెంట్ బెనే 1936లో రాసిన "ద డెవిల్ అండ్ డేనియల్ వెబ్‌స్టర్" దానికి మూలం. అందులో ఒక రైతు సైతానుకి ఆత్మని అమ్ముకుంటాడు, వెబ్‌స్టర్ అనే వకీలు తన వాదనతో అతన్ని విడిపిస్తాడు. సింప్సన్స్‌లో హోమర్ ఆత్మని అమ్మేది ఒక్క డోనట్ కోసం. సైతాను వేషం ఎవరికి? ఊళ్ళో అందరికంటే దైవభక్తుడైన ఫ్లాండర్స్‌కి. వాదించాల్సిన వకీలు పారిపోతాడు. వాదన కాదు, పెళ్ళి ఫొటో వెనక హోమర్ రాసిన ఒక మాట అతన్ని కాపాడుతుంది: తన ఆత్మ ఎప్పుడో మార్జ్‌కి ఇచ్చేశాడు.

దుర్మార్గులైన పాత అమెరికన్లతో నిండిన జ్యూరీ కూడా మూలంలోదే. ఇక్కడ అందులో మాజీ అధ్యక్షుడు నిక్సన్ కూర్చుని, నేనింకా చనిపోలేదంటాడు. ఈ కథ వచ్చింది 1993 అక్టోబర్‌లో, నిక్సన్ చనిపోయింది 1994 ఏప్రిల్‌లో. తేదీ చూసుకోకపోతే ఈ జోకు చేజారుతుంది.

6. చివరగా అంచులు చూడండి

మొదట్లో, చివర్లో పడే, పనిచేసినవాళ్ళ పేర్లను భయంకరంగా మార్చి రాస్తారు. 1950లలో ఈసీ అనే కంపెనీ వేసిన హారర్ కామిక్స్ నుంచి వచ్చిన అలవాటు అది. ఒంటికన్ను గ్రహాంతరవాసులు క్యాంగ్, కోడోస్ దాదాపు ప్రతి స్పెషల్లోనూ కనిపిస్తారు, కొన్నిసార్లు ఒక్క క్షణమే. వాళ్ళ పేర్లు "స్టార్ ట్రెక్" పాత్రలవి. 1994లో విల్లీని చూడండి: మూడు కథల్లోనూ సాయానికి వస్తాడు, మూడుసార్లూ వీపులో గొడ్డలి దిగుతుంది.

2013లో సినిమా దర్శకుడు గియెర్మో డెల్ టోరో చేసిన ప్రారంభ దృశ్యం మీద అందరికీ మోజు. దయచేసి దానితో మొదలుపెట్టకండి. రెండు మూడు నిమిషాల్లో లెక్కలేనన్ని హారర్ సినిమాలు వెళ్ళిపోతాయి. ఇరవై ముప్పై మూలాలు చూశాక ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపుకుంటూ చూస్తే పండగ.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*పేరు చూసి మూలం తేల్చేయడం.* అన్నిటికంటే పెద్ద పొరపాటు. 1996లోని "సిటిజన్ క్యాంగ్" పేరు విని "సిటిజన్ కేన్" సినిమా చూడటానికి కూర్చుంటే రెండు గంటలు వృథా. పేరొక్కటే దాన్నుంచి వచ్చింది, కథ ఆ ఏడాది క్లింటన్, డోల్ మధ్య జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద. 1994లోని "టైమ్ అండ్ పనిష్‌మెంట్" పేరు దస్తయేవ్‌స్కీ నవల "క్రైమ్ అండ్ పనిష్‌మెంట్"ని గుర్తుచేస్తుంది గానీ కథ రే బ్రాడ్‌బరీ 1952లో రాసిన "ఎ సౌండ్ ఆఫ్ థండర్". అక్కడ సీతాకోకచిలుక, ఇక్కడ దోమ. 1997 రెండో కథ "ఫ్లై వర్సెస్ ఫ్లై" పేరు ఒక కామిక్ నుంచి, కథ 1958 నాటి "ద ఫ్లై" నుంచి. పేరుని ఒకసారి, కథని ఇంకోసారి విడివిడిగా వెతకండి.

*తేదీ చూడకపోవడం.* "సిటిజన్ క్యాంగ్" ఎన్నికలకి తొమ్మిది రోజుల ముందు వచ్చింది. 1999 మూడో కథ వైటుకే భయం మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు చెడిపోతాయన్న భయం మీద. అర్థంకాని జోకు తగిలితే మొదట ప్రసారమైన తేదీ చూడండి, ఆ నెల వార్తల్లో సగం సమాధానం ఉంటుంది.

*అన్నీ ఎగతాళే అనుకోవడం.* 1990లోని "ద రేవెన్"లో మాటలు చాలావరకు పో రాసినవే, జేమ్స్ ఎర్ల్ జోన్స్ గంభీరంగా చదువుతాడు. కాకికి బార్ట్ తల పెట్టారు, అల్లరి చేయించారు. కవిత మాత్రం చెక్కుచెదరలేదు. అది కవికి చేసిన సత్కారం. మూడో గడిలో "ఏమీ మార్చలేదు" అని రాసుకోవడం కూడా సరైన జవాబే.

*లెక్క పెట్టడం.* ముప్పై ప్రస్తావనలు దొరికాయని సంబరపడి, ఒక్కదానిలో కూడా ఏం మార్చారో చెప్పలేకపోతే మళ్ళీ 4వ అడుగుకి వెళ్ళండి.

అందిందో లేదో చూసుకోవడం

ఎపిసోడ్ చూడని స్నేహితుడికి ఒక్క సీన్ రెండు వాక్యాల్లో చెప్పండి: మూలంలో ఇది, ఇక్కడ ఇది. 1993 బస్సు కథని ఇలా చెప్పొచ్చు: "విమానం రెక్క మీద దయ్యాన్ని చూశానంటే ఎవరూ నమ్మని ప్రయాణికుడి కథ అది. ఇక్కడ దయ్యం స్కూల్ బస్సు చక్రం ఊడదీస్తుంటుంది, చూసేది బార్ట్." మూలం పేరులోని 20,000 అడుగులు ఇక్కడి పేరులో ఐదున్నర అడుగులు ఎందుకయ్యాయో స్నేహితుడికి అక్కడే తెలిసిపోవాలి. తెలియకపోతే మీ రెండో గడి ఇంకా నిండలేదన్నమాట.

రెండో పరీక్ష: వారం తర్వాత నోటు పుస్తకం లేకుండా మళ్ళీ చూడండి. వివరణ గుర్తుకు రాకముందే నవ్వు రావాలి. ముందు వివరణ వస్తే మూలం సరిగ్గా చూడలేదనే అర్థం, ఆ సీన్ వరకు మళ్ళీ చూడండి. డీవీడీలు ఉన్నవాళ్ళు రచయితల వ్యాఖ్యానం ఆన్ చేసి సరిపోల్చుకోవచ్చు. మీ నోట్స్ రాశాకే వినండి.

ఇక లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి. 1995 మూడో కథలో హోమర్ పుస్తకాల బీరువా వెనక్కి వెళ్ళి త్రీడీ లోకంలో పడతాడు. అక్కడ గాల్లో ఒక సమీకరణం తేలుతుంటుంది: 1782 పన్నెండో ఘాతం, 1841 పన్నెండో ఘాతం కలిపితే 1922 పన్నెండో ఘాతం. అది నిజమైతే ఫెర్మా చివరి సిద్ధాంతం (రెండుకి మించిన ఘాతాల్లో ఇలాంటి కూడిక ధన పూర్ణసంఖ్యలతో కుదరదని చెప్పేది) తప్పవ్వాలి. ఆండ్రూ వైల్స్ దానికిచ్చిన రుజువు అచ్చయింది సరిగ్గా ఆ 1995లోనే. పది అంకెలు చూపించే క్యాలిక్యులేటర్లో ఎడమవైపు మొత్తానికి పన్నెండో మూలం తీస్తే 1922 అనే చూపిస్తుంది. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి సరి, బేసి చూడండి. 1782 సరిసంఖ్య, 1841 బేసి సంఖ్య, వాటి ఘాతాలు కలిపితే వచ్చేది బేసి. కుడివైపున 1922 సరిసంఖ్య.